మోటుపల్లి శాసనము – నేటి ఆసియా సంత

ఇటీవల ఒకనాడు డిగ్రీ తరగతిలో శాసనభాషనుగూర్చి పాఠము చెప్పుచు, కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమును ప్రస్తావించినాను. అది క్రీ.శ. 1244–45 నాటిది. అంతకుమునుపు ఆ తీరమునేలిన రాజులు, తుపానున చిక్కి గట్టునకు కొట్టుకొనివచ్చిన ఓడలను పట్టుకొని, అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు సర్వమును బలాత్కారముగా లాగుకొనెడివారట. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పించినాడు. ప్రాణముకంటెను ధనమే ఎక్కువయని తలంచి సముద్రమునకు తెగించినవారియెడ దయతో, కీర్తిని, పుణ్యమును కోరి, క్లుప్తశుల్కము తప్ప తక్కినదంతయు వారికే విడిచిపెట్టుచున్నట్లు ప్రకటించినాడు. క్లుప్తశుల్కమనగా ముందుగా నిర్ణయమైన సుంకము. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒకవంతు. అటుపిమ్మట ఏ సరకునకు ఎంతయో ఒక పట్టీ: గంధము, కర్పూరము, చీనా కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పట్టునూలు, పగడము, మిరియము.

చీనా కర్పూరమను మాట వినగానే వెనుక బల్లనుండి ఒక విద్యార్థి లేచినాడు. "మాస్టారూ, ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటే మన రేవులో చీనా కర్పూరం దిగేది కదా. మరి ఇప్పుడు ఆసియా దేశాలన్నీ కలిసి వ్యాపారం చేసుకుందాం రమ్మంటే మనమెందుకు వెళ్ళలేదండీ?"

గంట కొట్టి నన్ను కాపాడినది. ఈ వ్యాసము ఆ కుఱ్ఱవానికి నేను బాకీపడిన సమాధానము. నేను అర్థశాస్త్రజ్ఞుడను కాను; తెలుగు చెప్పుకొని బ్రదుకువాడను. అయినను సుంకముల సంగతి అర్థశాస్త్రజ్ఞులకే వదలి ఊరకుండదగినంత చిన్నది కాదు. పాలు పితుకువారికిని, పామాయిలు తోట వేసినవారికిని, మందుబిళ్ళ మ్రింగువారికిని అది తగులుచున్నది.

ఆసియా ఏకము కావలెనను మాట మన పెద్దలకు క్రొత్తది కాదు. 1947 మార్చిలో, స్వరాజ్యమింకను చేతికందకమునుపే, ఢిల్లీ పురానాఖిలాలో ఆసియా సంబంధముల మహాసభ జరిగినది. నెహ్రూ దానికి సూత్రధారి. గాంధీజీయు వచ్చి ప్రసంగించినారు. 1955 ఏప్రిలులో ఇండోనేషియాలోని బాండుంగ్ నగరమున 29 ఆసియా, ఆఫ్రికా దేశములవారు సమావేశమైనారు. చైనా ప్రధాని చౌ ఎన్‌లైయు అందుండెను. ఆ సభను తలచుకొనునపుడెల్ల మనము శాంతి, అలీనత అనుచుందుము. కాని ఆ సభ తుది ప్రకటనలో మొదటి భాగమే ఆర్థిక సహకారము. ముడిసరకును పచ్చిగా అమ్ముకొనక వీలయినంత తయారుచేసి అమ్మవలెనని, ముడిసరకుల ధరలు నిలకడగా నుండునట్లు చూచుకొనవలెనని అందు వ్రాసికొన్నారు. ఆ మాటలు చాలకాలము కాగితముననే నిలిచినవి. ఒక ఆసియా దేశము ఇంకొక ఆసియా దేశమునకు అమ్మదగిన తయారీ సరకు ఆనాడు అంతగా లేదు. అందరును ముడిసరకును పడమటికే పంపుచుండిరి.

ఇప్పుడు ఆ బాండుంగ్‌నకే జకార్తానుండి అతివేగపు రైలు పోవుచున్నది. 2023 అక్టోబరులో దానిని ప్రారంభించినారు. దారి 142 కిలోమీటర్లు, ముప్పావుగంటలో చేరవచ్చును. మొదట దీనికి లెక్కలు వేసి పథకము గీచినది జపాను. కాని 2015లో ఇండోనేషియా చైనావైపు మ్రొగ్గినది. ప్రభుత్వము పూచీ ఉండనక్కరలేదని చైనా చెప్పుటయే ముఖ్యకారణము. ఖర్చు 7 బిలియన్ డాలర్లు దాటినది. అందు నాలుగింట మూడువంతులు చైనా అభివృద్ధి బ్యాంకు ఇచ్చిన అప్పు. రైలు చక్కగా నడచుచున్నది, జనులు ఎక్కుచున్నారు. అయినను రెండేండ్లు తిరుగుసరికే, అప్పు తీర్చు గడువులను మార్చుకొనుటకు ఇండోనేషియా చైనాతో మాటలాడవలసివచ్చినది. చౌ ఎన్‌లై ఆనాడు అతిథిగా వచ్చిన నగరమునకు నేడు ఆయన దేశము ఋణదాత. ఆసియా ఆర్థిక సంగమము ఏ త్రోవన వచ్చినదో తెలియుటకు ఈ ఒక్క రైలుకథ చాలును.

అది మహాసభల త్రోవను రాలేదు, కర్మాగారముల త్రోవను వచ్చినది. 1985 తరువాత జపాను నాణెము విలువ అమాంతముగా పెరిగినది. స్వదేశమున చేసిన సరకు ప్రియమగుటచే జపాను కంపెనీలు థాయిలాండునకు, మలేషియాకు తమ పనిని తరలించినవి. ఒక దేశమున విడిభాగము, ఇంకొక దేశమున కూర్పు, వేరొక దేశమున అమ్మకము. ఈ అలవాటు అప్పుడు బలపడినది. 1967 ఆగస్టు 8న బ్యాంకాక్‌లో అయిదు దేశములతో పుట్టిన ఆసియాన్ మొదట రాజకీయ భయములచేత కూడిన కూటమియే. 1992లో గాని అది తనలో తాను స్వేచ్ఛావాణిజ్యమునకు పూనుకొనలేదు.

1997 జులై 2న థాయిలాండు నాణెము కుప్పకూలినది. ఆ వెంటనే ఇండోనేషియా, కొరియా. ఆసియాకు తనదైన ద్రవ్యనిధి ఉండవలెనని జపాను ప్రతిపాదింపగా అమెరికా అడ్డుపడినది. చైనాయును ఉత్సాహము చూపలేదు. కాని ఆ కష్టకాలమున చైనా ఒక పని చేసినది. సరిగా చెప్పవలెనన్న, చేయదగిన ఒక పనిని చేయక ఊరకున్నది. ఇరుగుపొరుగు నాణెములన్నియు పడిపోవుచుండగా తన యువాన్ విలువను తగ్గించుకొనలేదు. తగ్గించియుండిన, ఆ దేశముల ఎగుమతులు మఱింత దెబ్బతిని ఉండెడివి. అది దాని స్వార్థమునకును సరిపడియుండవచ్చును. అయినను ఆ పొరుగువారు ఆ మేలును మరువలేదు. 2000 మేలో ఆసియాన్ దేశములు, చైనా, జపాను, కొరియా చియాంగ్ మైలో ఒక పరస్పర సహాయ ఏర్పాటు చేసికొన్నవి. అది పెరిగి 240 బిలియన్ డాలర్ల నిధి అయినది. విచిత్రమేమనగా ఇంతవరకు ఏ దేశమును దానినుండి ఒక్క డాలరైనను తీసికొనలేదు. కొంత పరిమితి దాటిన, అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతులకు తల ఒగ్గితేగాని డబ్బు రాదు. అగ్నిమాపక యంత్రము కొన్నారు. తాళము మాత్రము వాషింగ్టన్‌లో ఉన్నది.

2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినది. మఱుసటి ఏడే ఆసియాన్‌తో ఒప్పందమునకు పునాది వేసికొన్నది. అందలి ఒక యుక్తిని నా విద్యార్థులు గమనింపవలెనని నా కోరిక. 2004లో ముందుగా పండ్లు, కూరగాయలు, చేపలు మొదలగు వ్యవసాయ ఉత్పత్తులపై సుంకములు తగ్గించి, చైనా తన సంతను ఆసియాన్ రైతులకు తెరచినది. దానికి 'తొలిపంట' అని పేరు పెట్టినారు. పెద్దవాడు ముందు తన తలుపు తీసినాడు. 2010లో తక్కినవారి తలుపులు తెరచుకొన్నవి. తరువాతి లెక్కలలో ఎవరెంత లాభపడిరన్నది వేరుమాట. చిన్నవారిని దగ్గఱకు తీసికొను విద్య చైనాకు తెలిసినంతగా మనకు తెలియదని నేను బాధతోనే ఒప్పుకొనుచున్నాను.

ఇక విద్యార్థి అడిగిన ఒడంబడిక. ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్యము దాని పూర్తి పేరు. పత్రికలు ఆర్‌సెప్ అనుచున్నవి. చాలమంది దీనిని చైనా ఒడంబడిక అనుచున్నారు. అది సరికాదు. 2012లో దీనిని ఎత్తుకొన్నది ఆసియాన్. 2020 నవంబరు 15న సంతకములు చేసినవి పదునైదు దేశములు: ఆసియాన్ పది, చైనా, జపాను, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండు. 2022 జనవరి 1న అమలులోనికి వచ్చినది. లోకమున ప్రతి పదిమందిలో ముగ్గురు దీని పరిధిలోనివారే. జపాను, చైనాలు రెండును ఒకే వాణిజ్య ఒడంబడికలో కూర్చుండుట ఇదియే మొదటిసారి.

ఇందు అసలు కిటుకు సుంకము తగ్గింపుకంటె జన్మస్థాన నియమమున ఉన్నది. ఒక విద్యుత్ పంకాను వియత్నాంలో బిగించినారనుకొందము. మోటారు చైనాది, తీగ కొరియాది, రెక్కలు థాయిలాండువి. అది ఏ దేశపు సరకు? పూర్వము ఒక్కొక్క ఒప్పందమున ఒక్కొక్క లెక్క ఉండెడిది. గుమాస్తాలు కాగితములు నింపలేక సుంకమే కట్టివేసెడివారు. ఇప్పుడు, సాధారణముగా, పదునైదు దేశములలో ఎక్కడ చేరినదైనను సరే మొత్తము విలువలో 40 శాతము ఉన్నచో అది కూటమి సరకే. కాబట్టి విడిభాగము కొనువాడు కూటమి లోపలనే వెదకును. బయటనున్న దేశపు విడిభాగము ఎంత బాగున్నను, ఆ లెక్కలోనికి రాదు. బయటనున్న ఆ దేశములలో మనదొకటి.

2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో, ఏడేండ్ల చర్చల తరువాత, భారతదేశము తప్పుకొన్నది. కారణములు తేలికవి కావు. న్యూజిలాండు పాలపొడి వచ్చి పడినచో మన పాడిరైతు గతియేమి? ఆ దేశమున పాడి పెద్ద వ్యాపారము. మనకు రెండు గేదెలున్న ఇంటి నెలఖర్చు. ఆ ఇంటిని కాపాడవలెనన్నవారిని నేను తప్పుపట్టను. ఆసియాన్‌తో 2010నుండి అమలులో నున్న మన ఒప్పందపు అనుభవమును తీపిగా లేదు. 2022–23లో ఆసియాన్‌తో మన వాణిజ్యపు లోటు 43 బిలియన్ డాలర్లు దాటినది. పామాయిలు సంగతి గోదావరి జిల్లాలవారిని, ఖమ్మమువారిని అడుగవలెను. 2024 సెప్టెంబరులో ముడి వంటనూనెలపై మూల సుంకమును సున్నానుండి 20 శాతమునకు పెంచినారు; 2025 మే నెలాఖరున 10కి దించినారు. మొక్క నాటిన మూడు నాలుగేండ్లకుగాని గెల వేయని తోటకు, ఎనిమిది నెలలకొకసారి మారు సుంకము! ఇండోనేషియా, మలేషియాలను నిందించి ఏమి లాభము? ఇక్కడ లోపించినది క్లుప్తశుల్కమే.

అయితే బయటనుండుటచే మనము కాపాడబడితిమా? ఈ ప్రశ్నకు లెక్కలే జవాబు. 2024–25లో చైనానుండి మన దిగుమతులు 113 బిలియన్ డాలర్లకు మించినవి. మన ఎగుమతులు 14 చిల్లర. లోటు 99 బిలియన్లు. ఒడంబడికలో చేరకయే ఇంత! హైదరాబాదు మందులకు రాజధానియని మనము గర్వించుదుము. ఆ మందులలో ఎన్నింటికో మూలద్రవ్యము చైనానుండి వచ్చుచున్నది. పెన్సిలిన్-జి మన దేశమున ఒకప్పుడు తయారయ్యెడిది. చైనా చౌకకు తాళలేక కర్మాగారములు మూతపడినవి. 2024లో కాకినాడ ప్రాంతమున దానిని మరల తయారుచేయ మొదలిడినారు. మానిన విద్యను మరల నేర్చుకొనుటకు మూడు దశాబ్దములు పట్టినది. తలుపు మూసికొని కూర్చుండిన సరకు ఆగదు; కిటికీలోనుండియు వచ్చును. చేయు విద్య మనకుండిననే దానితో పోటీ.

ఇక చైనా పాత్రను తూచునపుడు మనవారు రెండు విధముల తప్పుచున్నారు. కొందరికి అది రాక్షసి, కొందరికి కల్పవృక్షము. హంబన్‌టోట రేవునే తీసికొందము. 2017లో శ్రీలంక దానిని 99 ఏండ్లకు చైనా కంపెనీకి గుత్తకిచ్చినది. అప్పు తీర్చలేక రేవును లాగుకొనబడినదని లోకమంతయు చెప్పుకొన్నది. నిజమింకొకటి. ఆ గుత్త సొమ్ము 1.12 బిలియన్ డాలర్లు ఆ రేవు అప్పుక్రింద పోలేదు. శ్రీలంక విదేశీ మారకపు నిలువలకు చేరినది. 2022లో ఆ దేశము దివాలా ప్రకటించినపుడు దాని విదేశీ ఋణములలో అన్నింటికంటె పెద్దవాటా అంతర్జాతీయ విపణిలో అమ్మిన బాండ్లది. చైనాను తిట్టుటకైనను లెక్క సరిగా చెప్పవలెను గదా!

లావోస్ కథ మఱి వేరు. సముద్రము చూడని ఆ చిన్నదేశమునకు 2021 డిసెంబరులో చైనాలోని కున్మింగ్‌నుండి వియంతియాన్‌దాక రైలు వచ్చినది. కొండలు తొలిచి వేసిన ఆ దారివలన ఒక దినము పట్టు ప్రయాణము పూటలోనికి వచ్చినది. రైతు పంట, యాత్రికుడు, వ్యాపారి అందరును ఎక్కుచున్నారు. కాని ఆ రైలు కంపెనీలో నూటికి 70 వంతులు చైనావారివి. అప్పుల భారమున, 2020లో, తన విద్యుత్ ప్రసారజాలమున పెత్తనపు వాటాను లావోస్ ఒక చైనా సంస్థకు అప్పగించినది. రైలు వచ్చినందుకు లావోస్ సంతోషింపరాదా? సంతోషింపవలసినదే. తీగలు పరాధీనమైనందుకు విచారింపరాదా? అదియు వలసినదే. రెండును ఒకే మనిషి ఒకే దినమున అనుభవింపవచ్చును.

నాకు అన్నిటికంటె ఎక్కువ కలత కలిగించినది ఆస్ట్రేలియా ఉదంతము. 2020 ఏప్రిలులో, కరోనా వ్యాధి పుట్టుకపై స్వతంత్ర విచారణ జరుగవలెనని ఆస్ట్రేలియా కోరినది. మేలో దాని బార్లీపై చైనా 80.5 శాతము సుంకము విధించినది. నవంబరు 15న రెండు దేశములును ఆర్‌సెప్‌పై సంతకము చేసినవి. నవంబరు 27న ఆస్ట్రేలియా ద్రాక్షసారాయిపై 212 శాతమువరకు సుంకములను చైనా ప్రకటించినది. సంతకపు సిరా ఆరి పండ్రెండు దినములు! చౌకగా క్రుమ్మరించుచున్నారను వంక చెప్పినారు. ఆ వంకతో వేయు సుంకములపై ఆర్‌సెప్‌లోని వివాద పరిష్కార పంచాయతీకి పోరాదని ఆ ఒడంబడికయే చెప్పుచున్నది. బార్లీ సుంకమును 2023లో, సారాయి సుంకమును 2024లో తీసివేసినారు. ప్రభుత్వము మారి, మాట మెత్తబడిన తరువాత. 2012లో సముద్రపు దిబ్బపై తగవు వచ్చినపుడు ఫిలిప్పీన్స్ అరటిపండ్లు చైనా రేవులలో కుళ్ళినవి. 2017లో క్షిపణి రక్షణయంత్రమునకు చోటిచ్చినదని ఒక కొరియా వ్యాపారసంస్థ దుకాణములు చైనాలో మూతపడినవి.

గణపతిదేవుని శాసనము ఇక్కడ నాకు మరల జ్ఞాపకము వచ్చుచున్నది. గట్టునపడిన ఓడను దోచుకొను బలము ఆయనకు లేక కాదు, శాసనము వేయించినది. బలముండియే తన చేతిని తాను కట్టుకొన్నాడు. ఆ కట్టును రాతిపై చెక్కించి రేవున నిలిపినాడు, వచ్చినవాడెవడైనను చదువుకొనవచ్చును. లేచుచున్న మహాశక్తికి రైళ్ళు వేయు సామర్థ్యము, అప్పులిచ్చు సొమ్ము ఉండుట గొప్ప కాదనను. కాని కోపము వచ్చిననాడును సుంకపుపట్టీని మార్చనని అది మాట ఇచ్చి నిలుపుకొనగలదా? ఆసియా సంత స్థిరపడుట దానిపై ఆధారపడియున్నది. చైనా ఇంకను ఆ మాట పూర్తిగా ఈయలేదు.

ఇంతవఱకు చదివి మనవారు చైనాను తప్పుపట్టి తృప్తిపడరాదు. మన పొరుగు చిన్నదేశములకు మనమే మహాశక్తి. సార్క్ 1985లో పుట్టినది. దక్షిణాసియా స్వేచ్ఛావాణిజ్య ఒప్పందము 2006లో అమలులోనికి వచ్చినది. అయినను ఈ ప్రాంతపు దేశములు తమలోతాము చేసికొను వ్యాపారము వారి మొత్తములో నూటికి అయిదువంతుల దరిదాపునే ఆగిపోయినది. పాకిస్థాన్‌తో మన వైరము ఒక కారణము. అదొక్కటే కాదు. 2019 సెప్టెంబరు 29న మనము ఉల్లిపాయల ఎగుమతిని హఠాత్తుగా నిషేధించితిమి. వారము తిరుగకమునుపే బంగ్లాదేశ్ ప్రధానమంత్రిగా నుండిన షేక్ హసీనా ఢిల్లీకి వచ్చి, కాస్త ముందుగా చెప్పియుండిన బాగుండెడిదని, తన వంటవానికి ఉల్లి వేయవద్దని చెప్పితినని నవ్వుచునే చురక వేసినారు. సభలోనివారు నవ్వినారు. ఢాకా అంగడిలో ఉల్లి కొనలేని ఇల్లాలు నవ్వియుండదు. 2023 జులైలో తెల్లబియ్యము ఎగుమతిని ఆపినపుడును ఇదే తంతు. మన వినియోగదారుని కాపాడుటకే చేసితిమి, నిజమే. ఎవరు చేసినను తమవారిని కాపాడుటకే చేసితిమందురు. ముప్పదింట ఒకవంతని వ్రాసిపెట్టి, కఱవు వచ్చిననాడు ముప్పది వంతులును లాగుకొనిన, ఓడలు మఱియొక రేవు వెదకుకొనును.

ఇక పడమటి సంత శాశ్వతమనుకొన్నవారికి 2025 ఆగస్టు గుణపాఠము చెప్పినది. అమెరికా మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచగా, భీమవరము ప్రాంతపు రొయ్యల చెరువుల గట్లపై ఏమి మాటలాడుకొన్నారో అక్కడి ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. నియమబద్ధ వాణిజ్యమును లోకమునకు బోధించిన దేశమే పట్టీని చించివేయగలదని తేలిపోయినది. అట్టిచో ఆసియా సంత మనకు విలాసము కాదు, అవసరము.

నా అభిప్రాయము దాచను. 2019లో మనము లేచి వచ్చుట తప్పు కాకపోవచ్చును. అటుపిమ్మట తిరిగి చూడకుండుట తప్పు. ఆర్‌సెప్ వ్రాతలో మనకొక ప్రత్యేక వీలున్నది. తక్కినవారు అమలైన 18 నెలలవరకు వేచియుండవలెను. భారతదేశమునకు ఆ గడువు లేదు, మొదటిదినమునుండియే తలుపు తీసియుంచినారు. హాంకాంగ్, శ్రీలంక, చిలీ దరఖాస్తులు పెట్టుకొన్నవి. మనము పాడిని జాబితాకు వెలుపల ఉంచుమని, దిగుమతి వఱద వచ్చిన ఆనకట్ట వేసికొను హక్కునిమ్మని గట్టిగా అడిగి లోపలికి పోవచ్చును. జపాను, ఆసియాన్ దేశములు మనలను రమ్మనుట మనపై ప్రేమచే కాదు. చైనా బరువునకు త్రాసులో రెండవవైపున ఒక రాయి వారికి కావలెను. ఆ అవసరమే మనకు బేరమాడు బలము. వారు లోపల స్థిరపడి, మనము లేకుండ జరుపుకొనుటకు అలవాటుపడిన కొలది ఆ బలము తరుగును.

ఈ వ్యాసము ముగింపబోవుచుండగా ఆ విద్యార్థియే మరల వచ్చి, గణపతిదేవుని శాసనము తరువాత ఏమైనదని అడిగినాడు. 1323లో కాకతీయరాజ్యము కూలినది. 1358లో కొండవీటి అనపోతరెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మరల శాసనము వేయించవలసివచ్చినది. సుంకములు తగ్గించి, సరకును ఇష్టమైనవారికి అమ్ముకొనవచ్చునని, మగసంతతి లేక మరణించినవారి ఆస్తిని రాజు పట్టుకొనడని మాట ఇచ్చినాడు. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టివంటి సముద్రవర్తకులు వర్ధిల్లినది రెడ్డిరాజుల ఆ కాలముననే. మొదటి స్తంభము అక్కడే నిలిచియుండగా రెండవదెందుకని కుఱ్ఱవాని సందేహము. మొదటి మాట ఇచ్చినవాడు లేడు గదా అంటిని. వాడు పుస్తకమున ఏదో వ్రాసికొని, "అయితే వచ్చే వారం ఆ రెండో శాసనం చదువుదామండీ" అని వెళ్ళిపోయినాడు.